జాంతిప్పి ఆంటీ అసలు పేరు

స్కోఫీల్డ్స్ స్టేషన్ దగ్గరి ఇండియన్ కొట్లో భ్రమరాంబ వంకాయలు ఏరుకుంటూ ఉంది. యూనికి, అంటే యూనివర్సిటీకి, పోయే బ్యాగులు భుజాన తగిలించుకున్న ఇద్దరు అమ్మాయిలు బెండకాయల పక్కన నిలబడి, ఆమెను చూసి ఒకరినొకరు మోచేతుల్తో పొడుచుకున్నారు. వాళ్లలో కాస్త ధైర్యం గల పిల్ల దగ్గరికొచ్చి మహా వినయంగా అడిగింది.

"మీరు జాంతిప్పి ఆంటీ కదండీ? ఒక్క సెల్ఫీ ప్లీజ్. ఆంటీ, మా కోసం ఒక్కసారి తిట్టరా? మీ ఆయన్ని తిడతారు కదా, అలాగే. చిన్న బిట్ చాలు."

అడిగి మరీ తిట్టించుకునే కాలం వచ్చింది. భ్రమరాంబ వంకాయల కవరు మూతి ముడేసి, "నాకు తిట్టేది రాదమ్మా" అంది. పిల్లలిద్దరూ పగలబడి నవ్వారు. ఆమె ఏమన్నా నవ్వుతారు. మంచినీళ్లు అడిగినా నవ్వుతారు. ఫోటో తీసుకుని, థాంక్యూ చెప్పి, వెళ్తూ వెళ్తూ ఇంకోసారి వెనక్కి తిరిగి నవ్వారు.

ఆమె పేరు భ్రమరాంబ అని ఈ సిడ్నీలో ఎంతమందికి తెలుసో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జాంతిప్పి అంటే మాత్రం బ్లాక్‌టౌన్ నుంచి కాన్‌బెర్రాలోని హారిసన్ దాకా తెలుగువాళ్లందరికీ తెలుసు. ఎప్పుడో రెండువేల నాలుగువందల ఏళ్ల కిందట గ్రీసు దేశంలో కాపురం చేసుకున్న ఒక ఇల్లాలి పేరది. సోక్రటీసు అనే జ్ఞాని భార్య. గయ్యాళి అని ప్రసిద్ధి. ఒకనాడు మొగుణ్ణి తిట్టి తిట్టి, అదీ చాలక నెత్తిన కుండెడు నీళ్లు కుమ్మరిస్తే, ఆయన చిరునవ్వు నవ్వి "ఉరిమాక వాన పడదా మరి" అన్నాడట. ఆ జ్ఞాని చెప్పిన మిగతా సంగతులు ఎంతమందికి గుర్తున్నాయో తెలీదు గాని, ఈ ఒక్క మాట మన మగవాళ్లు భద్రంగా దాచుకున్నారు.

భ్రమరాంబకు ఆ పేరు తగిలించింది ఆమె మొగుడే. విజయభాస్కర్‌ది తెనాలి. సిటీలో ఒక ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం. మంచి కంఠం, మంచి మాటకారి. తెలుగు సంఘం సభల్లో మైకు ఒకసారి ఆయన చేతికందితే మళ్లీ తీసుకోవడం కష్టం. తాగడు, చెయ్యి ఎత్తడు, కూతుర్ని డాన్సు క్లాసుకి తనే దింపుతాడు. అలాంటి మొగుడి మీద ఏదైనా చెప్పుకుందామంటే వినేవాళ్లు దొరకరు. ఆమెకు వచ్చిన చిక్కు అదే.

భ్రమరాంబ నంద్యాల పిల్ల. శ్రీశైలం అమ్మవారి పేరు పెట్టారు. పెళ్లయి అత్తారింట్లో అడుగు పెట్టే వేళ ఆడబిడ్డలు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు, పేర్లు చెప్తే గాని రానివ్వం అని. విజయభాస్కర్ వీధి వీధంతా వినబడేటట్టు, "నేనూ, నా భార్య భ్రమరాంబా వచ్చాం" అన్నాడు. ఆమె తల వంచుకుని ఏదో గొణిగింది. ఏం గొణిగిందో ఎవరికీ వినబడలేదు, అయినా జాలిపడి దారి ఇచ్చారు. ఆ తరవాత ఆమె మొగుడి పేరు నోట పలకలేదు. వాళ్లమ్మా పలకలేదు, అవ్వా పలకలేదు. ఆస్ట్రేలియా వచ్చాక కరెంటు వాళ్లో బ్యాంకు వాళ్లో ఫోన్లో భర్త పేరడిగితే, ఒక్కో ఇంగ్లీషు అక్షరమే విడివిడిగా చెప్పేది. కలిపి పలికేది కాదు. కూతురు గీతిక దీనికి పడీ పడీ నవ్వేది.

ఆమె పేరు మాత్రం ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ముక్కలవుతూనే ఉంది. మొదట పనిచేసిన చైల్డ్‌కేర్ సెంటర్లో 'బ్రామ్' అన్నారు. ఒకావిడ కొన్నాళ్లు 'రాంబా' అంది. విసిగిపోయి, చదవాల్సిన కోర్సులన్నీ చదివి, ఒక ఏజెన్సీ కింద తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే అనుమతి తెచ్చుకుంది. ఇంకా బడికి పోని పసివాళ్లు నలుగురు. పొద్దున అమ్మానాన్నలు వదిలేసి పోతారు, సాయంత్రం తీసుకుపోతారు.

ఆ ఇంట్లో ఆమె ఒక ఆచారం పెట్టింది. పొద్దున వచ్చిన ప్రతి బిడ్డా గుమ్మం దగ్గర ఆగాలి. చేతులు కట్టుకుని తన పేరూ, ఆమె పేరూ చెప్పాలి. "నేను అమృత. భ్రమరాంబ ఇంటికి వచ్చాను." అప్పుడు ఆమె లోపల నుంచి "లోపలికి రా తల్లీ" అనాలి. అనేదాకా గడప దాటకూడదు. మాటలు సరిగ్గా రాని పిల్లలు ఆ పేరుతో కుస్తీ పడుతుంటే చూడాలి! అమృత అనే రెండున్నరేళ్ల బుడతకి అది 'బమ్మలాంబ' అయింది. ఇంగ్లీషు తప్ప ఏదీ పలకని పిల్లలు కూడా ఆ ఒక్క ముక్కా తెలుగులో చెప్పేవారు. తన పేరు రోజూ నలుగురి నోట వినబడే చోటు ఈ ఖండం మొత్తం మీద ఆమెకు అదొక్కటే. వాళ్లు చెప్తుంటే ఆమె చేతిలో పని ఆపి మరీ వినేది.

జాంతిప్పి పుట్టింది ఒక శనివారం సాయంత్రం, వెనక పెరట్లో బార్బీ, అదే బార్బెక్యూ, పెట్టుకున్నప్పుడు. విజయభాస్కర్ కోడిముక్కలు తిప్పిన పటకారుతోనే పనీరు ముక్కలూ తిప్పుతున్నాడు. సంఘం ప్రెసిడెంటు వాసుదేవరావు దంపతులు మాంసం ముట్టరు.

భ్రమరాంబ చూసి గట్టిగా అరిచింది. "ఏందండీ ఇది! అంకుల్ వాళ్లు యెట్ల తింటారు? ఇంకో పటకారు అక్కడే పెట్టినా గదా!"

విజయభాస్కర్ తొణక్కుండా పటకారు పైకెత్తి, కళ్లు అరమోడ్చి, సోక్రటీసు కథ మొదలుపెట్టాడు. కుండ దగ్గరికి వచ్చేసరికి పెరడంతా నవ్వులు. అందరికంటే ఎక్కువ నవ్వింది వాసుదేవరావు. ఎవరి కోసం ఆమె అరిచిందో ఆ పెద్దమనిషే. నవ్వుతూ నవ్వుతూ ఆ పనీరే తిన్నాడు.

మరుసటి వారానికి 'మా ఇంటి జాంతిప్పి' అని చానల్ మొదలైంది. పద్ధతి ఒకటే. ఫోను ఎక్కడో దాచిపెట్టడం, ఆమెకు ఒళ్లు మండే పని ఏదో ఒకటి చెయ్యడం, ఆమె నోరు తెరవగానే తాను కాషాయం శాలువా కప్పుకున్న యోగిలా నవ్వుతూ కూర్చోవడం. ఆయన తడి తువ్వాలు పరుపు మీద పడేసిందీ, దేవుడి దగ్గరి అగ్గిపెట్టె పట్టుకెళ్లి బార్బీ ముట్టించిందీ, ఇవేవీ వీడియోలో ఉండవు. వీడియో ఆమె అరుపుతోనే మొదలవుతుంది. ఆ ముందు ముక్క కోసేసేది ఎవరో కాదు, గీతికే. పదహారేళ్ల పిల్ల, ఆ పనిలో చెయ్యి తిరిగింది.

"ఫస్ట్ టూ సెకండ్స్‌లో హుక్ ఉండాలి మమ్. ముందుదంతా బోరింగ్," అని తల్లికి నచ్చజెప్పేది.

మొదట్లో భ్రమరాంబ కూడా నవ్వింది. అబద్ధం ఎందుకు, మనసులో కాస్త మురిసింది కూడా. సత్యనారాయణ వ్రతానికి వెళ్తే ఆడవాళ్లంతా చుట్టూ చేరి, "ఎప్పుడూ నీ ధ్యాసే కదమ్మా మీ ఆయనకి, ఎంత ప్రేమో!" అనేవారు. పెళ్లాన్ని నలుగురిలో ఆటపట్టించే మొగుడికి ఆ పెళ్లామంటే ప్రాణం అని మన ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుని ఊరట పడతారు. ఆమె కూడా అదే నమ్మింది. దీపావళి మేళాలో జాంతిప్పి టీషర్టులు వచ్చాయి. వాట్సాప్‌లో ఆమె నోరు తెరిచిన బొమ్మతో స్టిక్కర్లు వచ్చాయి. ముక్కూమొహం తెలీని మనుషులు ఆఫీసులో బాసుకు కోపమొచ్చిందని చెప్పడానికి ఆమె మొహం పంపుకుంటున్నారు. అప్పటికి ఆమె నవ్వడం మానేసింది గాని, చాలా ఆలస్యమైంది. మానెయ్యండి అని చెప్తే, చెప్పిన తీరు కూడా వీడియో అయింది.

ఆమె పట్టుబట్టి సాధించింది ఒక్కటే. పిల్లలు ఇంట్లో ఉన్న వేళ ఫోను తియ్యకూడదు. అది ఏజెన్సీ పెట్టిన నియమం కూడా. ఆయన సరేనన్నాడు.

ఒక మంగళవారం విజయభాస్కర్ ఇంటి నుంచే పనిచేస్తున్నాడు. పిల్లలకు పండ్లు పెట్టే వేళ. భ్రమరాంబ అరటిపండ్లు కోసి పళ్లెంలో పెట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. ఆయన పొగలు కక్కుతున్న టీ కప్పు తెచ్చి పిల్లల పొట్టి బల్ల అంచున పెట్టాడు. ఎందుకు పెట్టాడంటే, బొమ్మల అలమారలో ఫోను సర్దడానికి రెండు చేతులూ ఖాళీ కావాలి గనక. అమృత లేచి నిలబడి రెండు చేతులతో ఆ కప్పు అందుకుంది. మూతి దగ్గరికి వంచుకోబోతోంది. పట్టుకునే వ్యవధి లేదు. భ్రమరాంబ పళ్లెం వదిలేసి అరచేత్తో కప్పును ఒక్క చరుపు చరిచింది. టీ ఆమె మణికట్టు మీద పడింది. కప్పు గోడకు కొట్టుకుని పగిలింది. పిల్ల జడుసుకుని ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది.

"కండ్లు నెత్తిన పెట్టుకున్యారా? బిడ్డ మూతి కాలిపోయింటే ఏం చేస్తుంటిరి? మనిషేనా మీరు?"

విజయభాస్కర్ ఆ క్షణాన నిజంగానే బెదిరిపోయాడు. పరుగెత్తుకెళ్లి కాలినచోట రాసే మందు తెచ్చాడు. ఆ బెదురు సాయంత్రం దాకా ఉంటే బాగుండేది. సాయంత్రం ఫోను తీసి చూసుకున్నాడు. అంత అసలైన అరుపు మళ్లీ దొరకదనిపించింది. గీతిక ఎప్పటిలాగే ముందు ముక్క కోసేసింది. గాల్లో ఎగురుతున్న కప్పుతో వీడియో మొదలైంది. దానికొక ఉరుము శబ్దం జోడించారు. పిల్లలెవరూ కనబడరు, ఏడుపు మాత్రం వినబడుతుంది.

అదే సాయంత్రం అమృత తల్లి లిఖిత వచ్చినప్పుడు భ్రమరాంబ ఇలా చెప్పింది. "కప్పు పడి పగిలిందమ్మా. పాప జడుసుకునింది. దెబ్బ మాత్రం యాడా తగల్లేదు." ఎవరు పెట్టారో, ఎవరు చరిచారో చెప్పలేదు. మొగుడి తప్పు పరాయివాళ్ల ముందు బయటపెట్టడం ఆమెకు చేతకాదు. పేరే పలకని మనిషి, ఆ పేరు మీదికి తప్పెలా మోపుతుంది? చీర కొంగు మణికట్టు మీదికి లాక్కుని నవ్వి పంపించింది.

లిఖితది కరీంనగర్. ఆసుపత్రిలో నర్సు. రెండురోజుల తరవాత క్యాంటీన్లో తోటి నర్సు నవ్వుతూ ఒక రీలు చూపించింది. లిఖితకు ఎగిరే కప్పు సరిగ్గా కనబడనే లేదు. వెనక వినబడుతున్న ఏడుపు తన బిడ్డది. డ్యూటీ దిగి నేరుగా భ్రమరాంబ ఇంటికి వచ్చింది.

"ఆంటీ, ఏడ్చింది మా అమ్మునే కదా?"

"అవునమ్మా."

"మీరు కప్పు పడి పగిలింది అన్నరు. వీడియోల మీరే కొట్టిన్రు. సార్ మీద కోపమొస్తే నా బిడ్డ పక్కన ఉండంగనే కప్పులు ఇసురుతరా?"

అప్పుడు భ్రమరాంబ జరిగింది జరిగినట్టు చెప్పింది. మణికట్టు మీది బొబ్బ చూపించింది. లిఖిత నర్సు, కాలిన గాయం ఆమెకు తెలుసు. అయినా ఏం తేలుతుంది? కప్పు విసిరినా కాలుతుంది, ఆపినా కాలుతుంది.

"నాకు నమ్మాలనే ఉంది ఆంటీ. గానీ ఆ రోజు ఒకటి చెప్పిన్రు, ఇయ్యాల ఒకటి చెప్తున్నరు. ముందు ఏమైందో ఆ వీడియో ఉంటది గదా, అది చూపియ్యుండ్రి. నేనే అందరికి చెప్త." కంట నీళ్లు పెట్టుకునే అంది ఆ మాట. పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది. అమృత తల్లి భుజం మీద నుంచి చెయ్యి ఊపింది.

లిఖిత ఏజెన్సీకి ఫిర్యాదు చేసింది. చెయ్యకుండా ఎలా ఉంటుంది, తల్లి. విచారణ తేలేదాకా పిల్లల్ని తీసుకోవద్దని ఏజెన్సీ చెప్పింది. వాళ్లూ అదే అడిగారు, మొత్తం వీడియో ఉంటే ఇవ్వండి అని. పొద్దున ఎనిమిదవుతుంటే భ్రమరాంబ అలవాటు కొద్దీ తలుపు తీసేది. గుమ్మంలో ఎవరూ ఉండరు.

ఆమె మొగుణ్ణి అడిగింది. ఒకసారి కాదు, రోజూ అడిగింది. "ముందు ముక్క చూపిచ్చండి. అది ఒక్కటి చూపిస్తే సాలు. నా పని నాకొస్తాది."

"ఉందిలేవే, ఎక్కడో ఉంది. వెతకాలి. అయినా అది బయటపెడితే నేనో వెధవలా కనబడనూ?" అని ఒకరోజు. "నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు" అని ఇంకోరోజు. కాళ్లరిగేలా తిరిగి అడిగినట్టుండేది ఆమెకు, సొంత ఇంట్లోనే.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం గీతిక వంటింట్లో నిలబడి పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ తింటూ తల్లి వైపు చూసింది. బళ్లో ప్రాచీన చరిత్ర చదువుతోంది ఆ పిల్ల. "మమ్, డు యు నో? జాంతిప్పి చెప్పినదేదీ మనకి లేదు. నాట్ ఎ సింగిల్ వర్డ్ దట్ షి రోట్. ఇట్స్ ఆల్ మెన్ టాకింగ్ ఎబౌట్ హర్." ఆ పేరులో గుర్రం అనే మాట ఉందట. ముగ్గురు కొడుకులట. మొగుడు చచ్చిపోయే రోజున జైలుకి చంటిబిడ్డతో వెళ్లి ఏడిస్తే, ఈ ఏడుపు మాకొద్దు, ఇంటికి తీసుకుపొండి అని పంపేశారట.

భ్రమరాంబ చేస్తున్న పని ఆపింది. "ఆయప్ప నెత్తిన నీళ్లు పోసింది గదా. పోసేదానికి ముందు ఆయప్ప ఏం చేసినాడంట?"

గీతిక చెంచా నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "నోబడీ రోట్ దట్," అంది. ఆ తరవాత మొహం మాడిపోయింది. "మమ్, దట్ వీడియో..." అని ఏదో చెప్పబోయింది. ఇంతలో హాల్లోంచి తండ్రి పిలిచాడు. వెళ్లిపోయింది.

ఉగాది దగ్గరపడింది. విజయభాస్కర్ ఒక సాయంత్రం ఉత్సాహంగా వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"ఇదుగో, నీ మాటే నెగ్గిందనుకో. బ్లాక్‌టౌన్ హాల్లో ఉగాది రోజున పెద్ద తెర పెడుతున్నారు. మొత్తం వీడియో దాని మీద వేస్తా. కప్పు పెట్టింది నేనేనని అందరి ముందూ ఒప్పుకుంటా. లిఖితని కూడా రమ్మను. కాకపోతే వాసుదేవరావు గారు ఎప్పట్నుంచో అడుగుతున్నారు, నువ్వు స్టేజీ ఎక్కాలి. కుండ సీను ఒక్కటి చేసేద్దాం. అంతే."

"నిజంగా వేస్తారా?"

"వేస్తానన్నానుగా."

ఆమె లిఖితకు ఫోను చేసి బతిమాలింది. లిఖిత వస్తానంది.

ఉగాది నాడు హాలు కిటకిటలాడింది. కాగితం కప్పుల్లో పచ్చడి పంచారు. పంచాంగం చదివారు. తరవాత దంపతుల ఆట. స్టేజీ మెట్ల పైన మామిడాకులు కట్టి గుమ్మం లాంటిది నిలబెట్టారు. వాసుదేవరావు మైకుతో దానికి అడ్డం నిలబడ్డాడు. పేర్లు చెప్తే గాని లోపలికి రానివ్వరట. విజయభాస్కర్ తెల్లటి దుప్పటి గ్రీకువాళ్లలా చుట్టుకుని ఉన్నాడు.

"సోక్రటీసూ, ఆయన జాంతిప్పీ వచ్చాం!" అన్నాడు అదే కంఠంతో. వీధి వీధంతా వినబడిన ఆ పాత కంఠమే. హాలు ఊగిపోయింది.

మైకు ఆమె ముందుకొచ్చింది. "మొదట వీడియో వెయ్యమనండి," అంది. దానికే నవ్వారు.

తెర వెలిగింది. కప్పు గాల్లో ఎగిరింది. ఉరుము ఉరిమింది. "మనిషేనా మీరు?" అన్న ఆమె గొంతు హాలంతా మోగింది. అంతే, అయిపోయింది. చప్పట్లు. భ్రమరాంబ తెర వైపే చూస్తూ నిలబడింది, ఇంకా ఏదో వస్తుందని. తెర నల్లబడింది. ఆమె మొగుడి వైపు తిరిగింది.

ఆయన మైకు మీద చెయ్యి మూసి గొంతు తగ్గించాడు. "అది లేదే. ఆ రోజే పోయింది, గీతు డిలీట్ చేసేసింది. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. సీను కానియ్యి."

అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసు. వెతకాలి అన్నప్పుడు తెలుసు, తెర మీద వేస్తా అన్నప్పుడూ తెలుసు. ఎవరో ఆమె చేతుల్లో నీళ్ల కుండ పెట్టారు. "కుండ! కుండ!" అని జనం లయగా అరుస్తున్నారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. మూడో వరసలో లిఖిత, ఒళ్లో అమృత.

భ్రమరాంబ కుండను చంకకెత్తుకుని రెండో చేత్తో మైకు లాక్కుంది.

"నా పేరు భ్రమరాంబ," అంది. "ఈయన పేరు విజయభాస్కర్."

పెళ్లయినప్పటి నుంచి దాచిన పేరు. అది నోటి నుంచి బయటికి వచ్చినప్పుడు ఆమెకు కాళ్ల కింద స్టేజీ కదిలినట్టయింది. హాల్లో ఎవరికీ ఏమీ కాలేదు. పెళ్లాలు మొగుళ్లని పేరు పెట్టి పిలుస్తూనే ఉంటారు, అందులో వింతేముంది?

"టీ కప్పు బిడ్డల బల్ల మీద పెట్టింది విజయభాస్కర్. ఫోను దాచిపెట్టేదానికి పెట్టినాడు. కాగే టీ. నేను చరవకుంటే బిడ్డ నోరు కాలిపోయేది. ఆ ముక్క కోసేసినారు. ప్రతిసారీ కోసేస్తారు. మీరు చూసేదంతా కోసినాక మిగిలిందే!"

ఎవరో ఈల వేశారు. "డైలాగ్ అదిరింది ఆంటీ!" అని వెనక నుంచి ఒక కేక. నవ్వుల్లో తన మాట వినబడడం లేదని ఆమె గొంతు పెంచింది. గొంతు పెంచితే నవ్వు ఇంకా పెరిగింది. వాళ్లు టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది ఆ గొంతు కోసమే. లిఖిత మొహం వెతికింది ఆమె. చుట్టూ ఎత్తిన ఫోన్ల మధ్య అది కనబడలేదు.

ఇక చెప్పడానికేం లేదు. కుండ దించి ఆయన పాదాల దగ్గర పెట్టింది. నిండు కుండ, తొణికి ఆయన కాళ్ల మీద పడింది. విజయభాస్కర్ ఒక్క క్షణం తడబడ్డాడు. మరుక్షణమే చెయ్యెత్తి, "ఉరిమాక వాన పడదా మరి!" అన్నాడు. హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వింది. ఆమె మామిడాకుల గుమ్మం దాటి మెట్లు దిగిపోయింది.

కార్లో గీతిక వెనక సీట్లో ముడుచుకుని ఏడ్చింది. "సారీ మమ్. ఐ ఆల్వేస్ డిలీట్ దెమ్. ఫోన్ ఫుల్ అవుతుందని. డాడ్‌కి అప్పుడే చెప్పాను."

"సరదాకి అన్నానే," అన్నాడు విజయభాస్కర్ స్టీరింగు తిప్పుతూ. "నిన్ను స్టేజీ ఎక్కించాలని. ఎంత బాగా వచ్చిందో చూశావా!"

ఆ రాత్రికే వీడియో వచ్చేసింది. నీళ్లు ఆయన కాళ్ల మీద పడడంతో మొదలవుతుంది. దాన్ని కోసింది గీతిక కాదు. ఆ పిల్ల ఆ రోజుతో ఆ పని మానేసింది, ఇప్పుడు ఆయనే కోసుకుంటున్నాడు. భ్రమరాంబ ఇంట్లో మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. ఏమండీ లేదు, మీరు లేదు. "విజయభాస్కర్, అన్నం" అంటుంది, అంతే. దాని మీద కూడా ఆయన ఒక వీడియో చేశాడు. జనానికి బాగా నచ్చింది.

కొన్నాళ్లకు ఏజెన్సీ, తప్పు రుజువు కాలేదు, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు అంది. మొదలుపెట్టడానికి పిల్లలు ఉండాలిగా. ఏ తల్లి పంపుతుంది జాంతిప్పి ఇంటికి? నవ్వుకోవడం వేరు, బిడ్డనివ్వడం వేరు. లిఖిత అమృతను వేరే సెంటర్లో వేసింది. పొట్టి బల్ల గరాజులోకి పోయింది. భ్రమరాంబ ఇప్పుడు వృద్ధుల ఆశ్రమంలో వంటగదిలో పనిచేస్తోంది. చొక్కా మీద బ్యాడ్జీ ఉంటుంది. దాని మీద 'బ్రామ్' అని ఉంటుంది.

కొట్లో ఆ యూని పిల్లలు నవ్వుకుంటూ వెళ్లిపోయాక, ఆమె వంకాయల కవరు పట్టుకుని వరసలో నిలబడింది. అప్పుడే వీధి తలుపు తెరుచుకుని లిఖిత లోపలికి వచ్చింది. ఆమెను చూసి ఆగింది. మొహంలో రంగులు మారాయి. పలకరించాలా వద్దా అని తేల్చుకోలేక బియ్యం బస్తాల వైపు చూసింది.

అమృత మటుకు లోపలికి రాలేదు. ఎత్తు పెరిగింది, రెండు జడలు వేశారు. భ్రమరాంబను చూడగానే కొట్టు గుమ్మం అవతలే టక్కున నిలబడిపోయింది. చేతులు కట్టుకుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ గడప అలవాటు పిల్లకు ఇంకా పోలేదు. భ్రమరాంబ చేతిలో కవరు కింద పెట్టేసి, వినడానికి ముందుకు వంగింది.

"నేను అమృత," అంది పిల్ల. ఇప్పుడు మాటలు ఎంత స్పష్టంగా వస్తున్నాయో! "జాంతిప్పి ఇంటికి వచ్చాను!"

వరసలో ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. లిఖిత "అమ్మూ!" అని పిల్ల నోరు మూయబోయి ఆగింది. ఇంట్లోనూ ఫోన్లోనూ అందరూ అనే పేరే పిల్ల అంది. తను తప్పేం చేసిందో తెలియక అమృత గడప అవతలే నిలబడి, లోపలి నుంచి రావలసిన మాట కోసం భ్రమరాంబ మొహంలోకి చూస్తోంది.

"లోపలికి రా తల్లీ," అంది భ్రమరాంబ. అననిదే ఆ బిడ్డ గడప దాటదు.